అధికారం లేని రాజు, ఆయన చేతిలోని భూమి: ఉగాండాలో బుగాండా నేపథ్యం

ఉగాండా 1995లో అమల్లోకి తెచ్చుకున్న రాజ్యాంగంలోని 246వ అధికరణం రాజులకు చోటిస్తూనే వారి చేతులు కట్టేస్తుంది. ఏ ప్రాంతంలోనైనా అక్కడి ప్రజల ఆచారానికి, ఆకాంక్షకు అనుగుణంగా సంప్రదాయ నాయకుడు లేదా సాంస్కృతిక నాయకుడు ఉండవచ్చునని అది చెబుతుంది. ఆ వెంటనే, అటువంటి నాయకుడు పార్టీ రాజకీయాల్లో పాల్గొనరాదని, శాసనాధికారంగాని పరిపాలనాధికారంగాని చెలాయించరాదని, ఆయనకు విధేయత చూపమనిగాని ఆయన పోషణకు సొమ్ము చెల్లించమనిగాని ఎవరినీ బలవంతపెట్టరాదని హద్దులు గీస్తుంది. చదవడానికి ఇది సుళువైన సర్దుబాటే. దేశంలోకెల్లా పెద్ద రాజ్యమైన బుగాండా విషయంలో మాత్రం ఇది ఎన్నడూ కుదురుగా నిలవలేదు. రాజు రాజకీయాల్లో ఉండాలా వద్దా అన్న ప్రశ్న చుట్టూనే చర్చంతా తిరుగుతుంటుంది గాని, గొడవకు మూలం అంతకు చాలా ముందు, 1900లో బ్రిటిష్ వారు కుదిర్చిన భూపంపకంలో ఉంది.

విక్టోరియా సరస్సుకు ఉత్తరపు ఒడ్డున విస్తరించిన బుగాండాను పాలించే రాజును కబాకా అంటారు. మంత్రులలో పెద్ద కటికిరో, సభ పేరు లుకీకో. బ్రిటిష్ వారు రాకముందు కూడా కబాకా బలమైన రాజే. ప్రాంతాల మీద పెత్తందార్లను నియమించేదీ, ఇష్టం లేనప్పుడు తొలగించేదీ ఆయనే. అయితే ఆయన అధికారానికి ఎదురుగా వంశాల అధికారం ఒకటి ఉండేది. పూర్వీకులను పూడ్చిన నేలల మీద హక్కు వంశ పెద్దలదే, అందులో రాజు జోక్యం అరుదు. కబాకా తన తండ్రి వంశానికి కాక తల్లి వంశానికి చెందినవాడుగా లెక్కకు వచ్చే ఆచారం వల్ల, ఏ వంశమైనా తన ఆడపడుచు కొడుకు రేపు రాజు కావచ్చునని ఆశపడగలిగేది. రాచరికం ఒక్క ఇంటి సొత్తుగా కాక జాతి మొత్తానిదిగా గాండా ప్రజల (బుగాండా జనుల) మనసుల్లో నాటుకుపోవడానికి ఇది ఒక కారణమని చెప్పవచ్చు.

1880ల చివరి నాటికి ప్రొటెస్టెంట్, కాథలిక్, ముస్లిం వర్గాల మధ్య సాగిన పోరాటాలు ఈ రాజ్యాన్ని లోపలి నుంచి కుదిపేశాయి. 1894లో బ్రిటన్ బుగాండాను తన రక్షిత రాజ్యంగా ప్రకటించింది. తిరగబడిన కబాకా ముయాంగాను సింహాసనం నుంచి దించి, పసివాడైన ఆయన కొడుకు దౌదీ చ్వాను 1897లో రాజును చేసి, ముగ్గురు రాజప్రతినిధులను పాలనకు కూర్చోబెట్టారు. వారిలో ముఖ్యుడు, ప్రొటెస్టెంట్ వర్గానికి నాయకుడైన కటికిరో అపోలో కగ్వా. ముయాంగా సీషెల్స్ దీవుల ప్రవాసంలో 1903లో మరణించాడు.

ఆ రాజప్రతినిధులతో బ్రిటిష్ ప్రత్యేక కమిషనర్ హ్యారీ జాన్‌స్టన్ 1900 మార్చి 10న కుదుర్చుకున్న ఒప్పందమే తర్వాతి కథకంతా పునాది. పాలన ఖర్చుకు గుడిసెకు 3 రూపాయలు, తుపాకీకి 3 రూపాయలు పన్ను వేశారు. అప్పటికి తూర్పు ఆఫ్రికాలో చెలామణిలో ఉన్నది మన రూపాయే. అంతకన్నా పెద్ద మార్పు భూమిలో జరిగింది. రాజ్యం విస్తీర్ణం 19,600 చదరపు మైళ్లని అంచనా వేసి, అందులో 9,000 చదరపు మైళ్ల బంజరును, 1,500 చదరపు మైళ్ల అడవిని బ్రిటిష్ రాణి ప్రభుత్వం తీసుకుంది. కబాకాకు 350 చదరపు మైళ్లు, సుమారు వెయ్యిమంది పెత్తందార్లకు, ఇతర భూస్వాములకు కలిపి 8,000 చదరపు మైళ్లు దక్కాయి. రాజకుటుంబీకులకు, రాజప్రతినిధులకు, క్రైస్తవ మిషన్లకు విడిగా వాటాలు వచ్చాయి. ఇలా వ్యక్తుల పేరిట రాసిన భూములనే మైలో భూములంటారు. అప్పటిదాకా కొలువుతోపాటు వచ్చి కొలువుతోపాటే పోయే భూమి, ఆ ఒక్క కాగితంతో కొడుకులకు సంక్రమించే, అమ్ముకోగల ఆస్తిగా మారిపోయింది.

నష్టపోయినవారు ఇద్దరు. పూర్వీకుల సమాధులున్న నేల మరొకరి పట్టాలోకి పోవడంతో వంశ పెద్దలు 1920లలో ఉద్యమం లేవదీశారు. భూమిని దున్నేవారు రాత్రికి రాత్రి కౌలుదార్లయ్యారు. పత్తి సాగు పెరిగి భూస్వాముల వసూళ్లు హద్దు మీరినప్పుడు, 1928 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం నేల శిస్తుకు, పంటలో వాటాకు పరిమితి పెట్టి, శిస్తు కట్టే రైతును ఇష్టం వచ్చినట్టు వెళ్లగొట్టకుండా కాపాడింది. రాజుకు దక్కినది పైకి గౌరవంగానే కనిపించినా, ఆయన పదవి అప్పటినుంచి వలస ప్రభుత్వం గుర్తింపు మీద ఆధారపడింది. పైగా బ్రిటిష్ పాలనను మిగతా ప్రాంతాలకు మోసుకుపోయిన పెత్తందార్లలో చాలామంది గాండాలే. పొరుగున ఉన్న బున్యోరో రాజు కబలేగా మీద సాగిన యుద్ధంలో సాయపడినందుకు ప్రతిఫలంగా ఆ రాజ్యపు భాగాలను తెంచి బుగాండాకు కట్టబెట్టారు. బుగాండా మీద ఇరుగు పొరుగు పెంచుకున్న కోపాన్ని లెక్కలోకి తీసుకోకుండా 1960లలో జరిగినది అర్థం కాదు.

1953లో కథ మలుపు తిరిగింది. తూర్పు ఆఫ్రికా దేశాలను ఒకే సమాఖ్యగా కలిపే ఆలోచన ఉందని లండన్‌లో వలస వ్యవహారాల మంత్రి ఆలివర్ లిటిల్టన్ చేసిన ప్రసంగం బుగాండాలో కలవరం పుట్టించింది. కెన్యాలోని తెల్ల భూస్వాముల పెత్తనం తమ మీద పడుతుందన్నది గాండాల భయం. కబాకా రెండవ ముతేసా, బుగాండాను మిగతా ఉగాండా నుంచి వేరుచేసి స్వాతంత్ర్యానికి గడువు చెప్పమని పట్టుబట్టారు. గవర్నర్ ఆండ్రూ కోహెన్ నవంబర్ 30న ఆయనను విమానమెక్కించి లండన్‌కు పంపించేశారు. అంతకుముందు ఈ రాజు విషయంలో గాండా ప్రజల్లో పెద్ద ఉత్సాహమేమీ ఉండేది కాదు. ప్రవాసం ఆయనను జాతి చిహ్నంగా మార్చింది. చర్చల తర్వాత 1955 అక్టోబర్ 17న ఆయన తిరిగివచ్చినప్పుడు పట్టరాని జనసందోహం స్వాగతం పలికింది. కొత్త ఒప్పందం ప్రకారం ఆయన మంత్రుల సలహాతో నడిచే రాజు మాత్రమే, కాని జనం దృష్టిలో అంతకుముందుకన్నా పెద్ద రాజు. కోహెన్ సంస్కరణవాది, ఉగాండాను ఒకే ప్రజాస్వామ్య దేశంగా తీర్చిదిద్దాలనుకున్నవాడు. ఆ లక్ష్యానికి అడ్డుపడే శక్తిని ఆయనే పెంచి పోషించినట్టయింది.

స్వాతంత్ర్యం దగ్గరపడుతున్నప్పుడు బుగాండా ముందున్న సంకటం తేలికైనది కాదు. ఒక్కో మనిషికి ఒక్కో ఓటు వస్తే గాండాలు దేశంలో అల్పసంఖ్యాకులే అవుతారు, వారి రాజు మీద ఇతరులు గెలిపించిన పార్లమెంటు పెత్తనం చేస్తుంది. 1961 ఎన్నికలను బుగాండాలో అత్యధికులు బహిష్కరించడంతో బెనెడిక్టో కివనుకా నాయకత్వంలోని డెమొక్రటిక్ పార్టీ గెలిచింది. ఆయన గాండాయే అయినా సామాన్యుడు, కాథలిక్ కావడం మెంగో కొండ మీది దర్బారుకు మింగుడుపడలేదు. ఆయనను అడ్డుకోవడానికి పుట్టిన రాజభక్తుల పార్టీ కబాకా యెక్కా, ఉత్తరాదికి చెందిన మిల్టన్ ఒబోటే నడిపే ఉగాండా పీపుల్స్ కాంగ్రెస్‌తో చేతులు కలిపింది. ఒకరిది రాచరికం, మరొకరిది జాతీయవాదం. ఉమ్మడి శత్రువు తప్ప మరేమీ వారిని కలపలేదు. 1962 అక్టోబర్ 9న వచ్చిన స్వాతంత్ర్యంతోపాటు బుగాండాకు సమాఖ్య హోదా లభించింది, జాతీయ శాసనసభకు తన సభ్యులను లుకీకోయే ఎన్నుకునే వెసులుబాటు దొరికింది. ఏడాది తర్వాత ముతేసా ఉగాండా అధ్యక్షుడయ్యారు. ఒక ప్రాంతానికి రాజు, దేశమంతటికీ అధ్యక్షుడు అన్న ఈ ఏర్పాటును ఎవరు ఊహించారో గాని, ఆ రెండు పదవుల ప్రయోజనాలు ఢీకొనే రోజు వారికి కనబడకపోవడం ఆశ్చర్యమే.

ఆ రోజు 1964 నవంబర్‌లో రానే వచ్చింది. బున్యోరో నుంచి తెంచిన బుయాగా, బుగంగైజీ ప్రాంతాలు ఎవరితో ఉండాలో తేల్చడానికి జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో అక్కడివారు బున్యోరో వైపు మొగ్గారు. కబాకాగా ముతేసా ఓడిపోయిన ఆ నిర్ణయానికి అధ్యక్షుడిగా ముతేసా సంతకం పెట్టవలసివచ్చింది, ఆయన నిరాకరించారు. అప్పటికే పొత్తు తెగింది. 1966 ఫిబ్రవరి 22న ప్రధానమంత్రి ఒబోటే తన మంత్రులు ఐదుగురిని మంత్రివర్గ సమావేశంలోనే అరెస్టు చేయించి, ఆ తర్వాత రాజ్యాంగాన్ని పక్కనపెట్టి, ముతేసాను అధ్యక్ష పదవి నుంచి తొలగించారు. ముతేసా విదేశీ సైనిక సాయం కోరారన్నది ఒబోటే ఆరోపణ. మే 20న లుకీకో, కేంద్ర ప్రభుత్వం నెలాఖరులోగా బుగాండా నేల విడిచి వెళ్లిపోవాలని తీర్మానించింది. దేశ రాజధాని ఉన్నదే ఆ నేల మీద. మే 24న ఇదీ అమీన్ నాయకత్వంలో సైన్యం మెంగో రాజభవనం మీద దాడి చేసింది. ముతేసా గోడ దూకి తప్పించుకుని, బురుండీ మీదుగా బ్రిటన్ చేరి, 1969 నవంబర్ 21న లండన్‌లో కన్నుమూశారు.

1967 రాజ్యాంగం బుగాండా, బున్యోరో, టోరో, అంకోలే రాజ్యాలన్నిటినీ రద్దుచేసింది. రాజభవనం బ్యారక్ అయింది, లుకీకో కూర్చునే భవనం సైనిక కార్యాలయమైంది. 1971లో ఒబోటేను కూలదోసిన అమీన్, ముతేసా భౌతికకాయాన్ని స్వదేశానికి రప్పించి కసూబీలోని రాజసమాధుల్లో ఘనంగా అంత్యక్రియలు జరిపించి గాండాల మన్నన సంపాదించుకున్నాడు. రాచరికాన్ని మాత్రం తిరిగివ్వలేదు. చనిపోయిన రాజు అతనికి పనికొచ్చాడు, బతికున్న రాజుతో అవసరం లేకపోయింది.

1981 నుంచి 1986 వరకు, తర్వాత అధ్యక్షుడైన యొవేరి ముసెవెని నడిపిన గెరిల్లా యుద్ధం ఎక్కువగా బుగాండాలోని లువేరో ప్రాంతంలో సాగింది. ఆ ఊళ్లు తిండి పెట్టాయి, దాచాయి, చచ్చిపోయాయి. ముతేసా కుమారుడు రొనాల్డ్ ముటేబీ 1985లో ఇంగ్లండ్ నుంచి వచ్చి గెరిల్లాల ఆధీనంలోని ప్రాంతంలో పర్యటించారు. అధికారంలోకి వచ్చిన ఏడేళ్ల తర్వాత ముసెవెని ఆ రుణం తీర్చుకున్నారనే చెప్పాలి. 1993 జూలై 31న బుడ్డో కొండ మీద ముటేబీకి పట్టాభిషేకం జరిగింది. రాజభవనం, లుకీకో భవనం, కొన్ని భూములు తిరిగి వచ్చాయి. పాలనాధికారం రాలేదు, గాండాలు అడుగుతూ వచ్చిన సమాఖ్య రాలేదు, 1900లో పోయిన 9,000 చదరపు మైళ్లూ రాలేదు. 2005లో ప్రతిపాదించిన ప్రాంతీయ ప్రభుత్వ పథకం చాలదని మెంగో, అంటే బుగాండా దర్బారు, దాన్ని తోసిపుచ్చింది.

రాచరిక పునరుద్ధరణ అందరికీ వర్తించలేదన్నది గమనించదగ్గ విషయం. ముసెవెని సొంత ప్రాంతమైన అంకోలేలో జాన్ బరిగ్యే 1993 చివర్లో చేయించుకున్న పట్టాభిషేకాన్ని ప్రభుత్వం చెల్లదంది. అక్కడ పశువుల కాపరులైన హిమాలు రాజులుగా, సేద్యం చేసే ఇరూలు ప్రజలుగా బతికిన జ్ఞాపకం పోలేదు, ఆ రాజు తిరిగి రావాలని మెజారిటీ ఎన్నడూ గట్టిగా అడగలేదు. 2009లో గుర్తింపు పొందిన ర్వెంజురూరు రాజ్యంలో 2016 నవంబర్‌లో సైన్యం కసేసేలోని రాజభవనం మీద దాడి చేసినప్పుడు వందమందికి పైగా చనిపోయారు. రాజు చార్లెస్ ముంబేరేను అరెస్టు చేసి, బెయిలిచ్చాక కూడా ఏళ్ల తరబడి తన రాజ్యానికి వెళ్లనివ్వక, 2023లో కేసు ఉపసంహరించుకున్నారు.

బుగాండాలో కత్తి కన్నా పట్టాయే పదునైనది. 1975లో అమీన్ దేశంలోని భూమినంతా ప్రభుత్వపరం చేశాడు. 1995 రాజ్యాంగం 237వ అధికరణం మైలోను నాలుగు భూహక్కులలో ఒకటిగా మళ్లీ గుర్తించింది. 1998 భూచట్టం అదే భూమి మీద తరాలుగా బతుకుతున్న రైతులకు నామమాత్రపు నేల శిస్తు మీద భద్రత ఇచ్చింది. ఒకే నేల చెక్కకు ఇలా ఇద్దరు హక్కుదారులు తయారయ్యారు. 2010 సవరణ, శిస్తు ఎగవేస్తే తప్ప, అదీ కోర్టు ఉత్తర్వుతో తప్ప రైతును ఖాళీ చేయించరాదంది. ఈ చట్టాలను భూస్వాముల మీద కక్షగా మెంగో చూసింది, పేద కౌలుదార్ల రక్షణగా ప్రభుత్వం చెప్పుకుంది. రెంటిలోనూ నిజముంది. 1900లో నేల కోల్పోయిన రైతుల మనవళ్లు తమ రాజుకు అన్యాయం జరుగుతోందని వీధుల్లోకి రావడం బయటివారికి వింతగా అనిపించినా, కబాకా వారికి భూస్వామి కన్నా ముందు జాతిపెద్ద.

2009 సెప్టెంబర్‌లో ఆ సంగతి బయటపడింది. కయుంగాలో జరగవలసిన యువజన దినోత్సవానికి కబాకా వెళ్లదలిస్తే, అక్కడి బన్యాలా వర్గం తాము బుగాండా పరిధిలోకి రామని అభ్యంతరం చెప్పింది. పోలీసులు కటికిరోను దారిలోనే ఆపేశారు. కంపాలాలో మొదలైన అల్లర్లలో 40 మందికి పైగా చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్కగట్టింది. రాజ్యానికి చెందిన సీబీఎస్ రేడియోను ఏడాదికి పైగా మూయించారు. 2010 మార్చి 16 రాత్రి, యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న కసూబీ సమాధులు కాలిపోయాయి. మర్నాడు అధ్యక్షుడు ముసెవెని అక్కడికి వెళ్లినప్పుడు జనం అడ్డుకోగా భద్రతా దళాల కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2011లో ప్రత్యేక చట్టం తెచ్చి సంప్రదాయ నాయకుల మీద రాజకీయ నిషేధాన్ని ఇంకా బిగించారు. 2013 ఆగస్టు 1న ముసెవెని, ముటేబీ సంతకాలు చేసిన అవగాహన ఒప్పందంతో మరికొన్ని ఆస్తులు తిరిగివచ్చి వేడి కొంత తగ్గింది. అదే ఏడాది కటికిరో అయిన చార్లెస్ పీటర్ మయిగా ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి సమాధుల పునర్నిర్మాణం చేపట్టారు. ఎవరినీ బలవంతపెట్టరాదన్న నిబంధన ఉన్నా, పన్ను వేసే హక్కు లేని రాజ్యానికి జనం సంతోషంగానే చెల్లించారు.

2021 జనవరి ఎన్నికల్లో కబాకా ఎవరి పక్షమూ వహించలేదు. అయినా తనను కబాకా మనిషినని చెప్పుకునే గాయకుడు బాబీ వైన్ పార్టీ బుగాండాలో అధికార పక్షాన్ని ఊడ్చిపెట్టింది, ఉపాధ్యక్షుడు సైతం తన స్థానం పోగొట్టుకున్నారు. ఆ తర్వాతి నెలల్లో ముసెవెని మైలో పద్ధతి దుర్మార్గమైనదంటూ దాన్ని సంస్కరించాలని బహిరంగంగా మాట్లాడసాగారు. మైలో రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రైవేటు ఆస్తి అని, దాని జోలికి రావద్దని మెంగో బదులిచ్చింది. రాజు నోరు విప్పకుండానే ఆయన పేరుతో ఓట్లు పడుతున్నంత కాలం, ఆయన భూమి గురించి ప్రభుత్వం ఏ చట్టం తలపెట్టినా అది రాజకీయ ప్రతీకారంగానే కనబడుతుంది, కౌలుదారు గోడు మాత్రం ఆ ఇద్దరి వాదనల్లోనూ సాక్ష్యంగా వాడుకోవడానికే పనికొస్తోంది.