కొండవాలు బుద్ధుడు: 1912లో గ్యోంగ్జులో ఏం జరిగింది?

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో అధ్యక్ష భవనమైన బ్లూ హౌస్ వెనుక కొండవాలు మీద కొలువై ఉన్న రాతి బుద్ధుణ్ని దాని సొంత ఊరు గ్యోంగ్జుకు తిరిగి పంపాలన్న డిమాండు మళ్లీ బలంగా వినిపిస్తోంది. 108 సెంటీమీటర్ల ఎత్తున్న ఈ విగ్రహం 9వ శతాబ్దంలో కొరియానేలిన సిల్లా రాజ్యపు శిల్పుల పని అన్నదానిపైనా, వస్త్రం కప్పని కుడి భుజం, నేలను తాకే కుడిచేయి గ్యోంగ్జులోని సొక్కురం గుహాలయంలోని ప్రధాన బుద్ధమూర్తిని తలపిస్తాయన్నదానిపైనా ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా 1912 తరువాతి కథ గురించే.

ఆ ఏడాది కొరియాను పాలిస్తున్న జపాన్ గవర్నర్ జనరల్ తెరౌచి మసతాకె గ్యోంగ్జుకు వచ్చాడు. అప్పటికే విగ్రహం అక్కడ స్థిరపడిన ఒక జపనీయుడి తోటకు చేరింది. గవర్నర్ దానిమీద మనసు పడ్డాడని గమనించిన ఆ తోట యజమాని, 1913లో దాన్ని సియోల్‌లోని ఆయన నివాసానికి కానుకగా పంపాడు. దేశం పరాయి పాలనలోకి పోయిన మూడేళ్లలోపే, కొరియన్లు కొలిచిన మూర్తిని ఒక వలసదారు వలస పాలకుడికి అప్పగించడాన్ని కానుక అనడం తగదు. అడగవలసిన వారినెవరినీ అడగనే లేదు. 1939లో గవర్నర్‌కు కొత్త నివాసం కట్టినప్పుడు విగ్రహాన్నీ అక్కడికే తరలించారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఆవరణే అధ్యక్ష భవనమైంది కనుక, దశాబ్దాలపాటు సామాన్యులకు దాని దర్శనమే కరువైంది. క్రైస్తవుడైన అధ్యక్షుడు కిమ్ యంగ్ సామ్ దాన్ని తీసేయించాడని 1994లో పుకారు పుడితే, విలేఖరులను తీసుకెళ్లి చూపించాల్సి వచ్చింది.

2018లో ప్రభుత్వం విగ్రహాన్ని రక్షిత ‘నిధి’ (ట్రెజర్)గా గుర్తించింది గానీ, అసలు స్థానం ఇంకా తేలలేదంటూ తరలింపును వాయిదా వేసింది. తొందరపడి తప్పుచోట ప్రతిష్ఠించకూడదన్నది నిపుణుల వాదన. అయితే రాతిని పరీక్షిస్తే అది గ్యోంగ్జు ప్రాంతపు గ్రానైటేనని తేలింది. గ్యోంగ్జులోని ఇగోసా అనే పాత ఆలయ స్థలంలోని బుద్ధుణ్ని 1913లో గవర్నర్ జనరల్ నివాసానికి తరలించారని వలసకాలపు జపనీస్ గ్రంథం ఒకటి చెబుతున్నట్టూ 2018లోనే బయటపడింది. గ్యోంగ్జువాసులు చూపుతున్న ఆధారాలు ఇవే. ఏ గుడి అన్నది తేలడానికి సమయం పట్టవచ్చు, ఏ ఊరు అన్నదానిపై మాత్రం సందేహం లేదు కదా అని వారు అడుగుతున్నారు.

2022లో బ్లూ హౌస్ ద్వారాలు ప్రజలకు తెరుచుకున్నాక ఆ ప్రశ్నకు పదును పెరిగింది. ఇగోసాలో మాత్రం నేటికీ మిగిలింది కూలిన స్తూపం రాళ్లే.