మెచ్చుకోలు చీటీ లంచం కాదు: హైస్కూల్లో మంచి నడవడికి బహుమతులపై అపోహలు - వాస్తవాలు

వరంగల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. నాలుగేళ్లుగా మా బడిలో 'మెచ్చుకోలు చీటీలు' నడుస్తున్నాయి. పిల్లలు మంచిగా మెలిగినప్పుడు, ఏం చేశారో రెండు ముక్కల్లో రాసి, సంతకం పెట్టి అక్కడికక్కడే చేతికిస్తాం. శనివారం నాడు ఆ చీటీలను చిన్న చిన్న అవకాశాలకు మార్చుకుంటారు. చుట్టుపక్కల బడుల టీచర్లం కలుసుకునే కాంప్లెక్స్ సమావేశాల్లో తోటి టీచర్లు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇది పిల్లలకు లంచమివ్వడమే.

లంచం ముందుగా బేరమాడుకొని ఇచ్చేది. "అల్లరి ఆపితే ఆటకు వదులుతా" అన్నామంటే అది లంచమే. అల్లరి మొదలుపెడితే బేరం కుదురుతుందని పిల్లలు ఒక్కరోజులో పసిగడతారు. చీటీ అట్లా కాదు, పని అయ్యాక, అడగకుండా వస్తుంది.

అయితే ఈ అభ్యంతరంలో నిజం కూడా ఉంది, దాన్ని దాటేయొద్దు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. బొమ్మలు వేయడం ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి వేయించారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ లేదు. తర్వాత చూస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు తమంతట తాము బొమ్మలు వేయడం తగ్గించేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు.

నాకిది మొదటి ఏడాదే అనుభవమైంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు రోజూ పొద్దున గేటు పక్కన కానుగ మొక్కలకు నీళ్లు పోసేది. మురిసిపోయి మేం రోజూ చీటీ ఇచ్చాం. పదిహేను రోజులకు బకెట్ పట్టుకొని నిలబడి, "ఇయ్యాల చీటీ లేదా టీచర్?" అనడిగింది. నా గుండె కలుక్కుమంది. ఇష్టంతో పోసే నీళ్లకు ధర కట్టింది మేమే. అప్పటి నుంచి, పిల్లలు ప్రేమతో చేసే పనికి చీటీ ఇవ్వం. పక్కన నిలబడి ఆ మొక్కల గురించి నాలుగు మాటలు మాట్లాడతాం. చీటీ ఇంకా అలవాటు కాని పనికే. అలవాటు పడుతున్న కొద్దీ అదీ తగ్గిస్తాం.

అపోహ: ఇంత పెద్ద పిల్లలకు ఎట్ల మెలగాలో తెలియదా?

నేనూ అట్లే అనుకునేదాన్ని. చీటీలు మొదలుపెట్టకముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో గొడవ ఎక్కడ, ఎన్ని గంటలకు అని రాసుకున్నాం. తరగతి గదుల్లో తక్కువే. మధ్యాహ్న భోజనం అయ్యాక పళ్లేలు కడిగే నల్లాల దగ్గరే ఎక్కువ. "లైన్ల నిలవడుండ్రి" అని రోజూ అరుస్తున్నాం గానీ, ఆ లైను ఎక్కడ మొదలవ్వాలో, కడుక్కున్నవాళ్లు ఎటు నుంచి పోవాలో ఎవరమూ చూపలేదు. పీఈటీ సారు సున్నంతో గీతలు గీశారు. మూడు రోజులు ఒక్కో తరగతిని తీసుకుపోయి నడిపించి చూపాం. ఆ తర్వాతే అక్కడ చీటీలు ఇచ్చాం. ఒరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో బడి మొత్తానికీ రూపుదిద్దిన సానుకూల ప్రవర్తన పద్ధతిలో కూడా కోరుకున్న నడవడిని పాఠంలా నేర్పడం ముందు, మెచ్చుకోవడం తర్వాత.

అపోహ: డబ్బు కావాలి, దాతలు కావాలి.

పాత క్యాలెండర్ల వెనకవైపు కత్తిరించుకుంటే చీటీలు తయారు. పెన్నులు, చాక్లెట్లు ఒక్క నెలలోనే మానేశాం. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కావల్సింది ఒకరోజు దోస్తు పక్కన కూర్చోవడం, డ్రిల్లు పీరియడ్‌లో ఆట ఎంచుకోవడం, ప్రార్థనలో వార్తలు చదవడం. పది చదివే మగపిల్లల్లో కొందరైతే అందరి ముందు పొగిడితే తల దించుకొని, మళ్లీ ఆ పని చేయనే చేయరు. వాళ్లకు చీటీని నోట్‌బుక్‌లో పెట్టి మూసి ఇస్తాం.

అన్నిటికన్నా విలువైంది ఇంటికి ఫోన్. మొదటిసారి చేసినప్పుడు అవతల నుంచి వచ్చిన మాట, "ఏం జేసిండు టీచరమ్మా మా పోరడు?" బడి నుంచి ఫోనంటే ఫిర్యాదేనని ఆ తండ్రికి అన్నేళ్ల అలవాటు. "మంచి పనే జేసిండన్నా, కిందపడ్డ ఆరో తరగతి పిల్లగాణ్ణి లేపి, మందు పెట్టించి, ఇంటిదాకా దిగబెట్టి వచ్చిండు" అన్నాను. కాసేపు అటు నుంచి మాట లేదు. మర్నాడు ఆ పిల్లవాడు పొద్దున్నే వచ్చి, ఏమీ అనకుండా, బోర్డు తుడిచి పోయాడు.

అపోహ: నూరు శాతం హాజరుకు బహుమతి పెడితే బడికి వస్తారు.

మేం చేసిన పెద్ద పొరపాటు ఇదే. దసరా సెలవులు అయ్యేసరికి మా వైపు పత్తి ఏరుడు మొదలవుతుంది, సంక్రాంతి దాటితే మిరప కోత. కూలీలు దొరకని ఇంట్లో పిల్లల చేతులు కూడా కావాలి. ఆ ఏడాది బహుమతులన్నీ చేను పనిలేని ఇళ్ల పిల్లలకే పోయాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు పన్నెండు రోజుల తర్వాత, పత్తికాయ గీరుకుపోయిన వేళ్లతో వచ్చి, నోటీసు బోర్డు మీది పేర్లు చదువుకుంది. "ఇగ నాకు రాదు గద టీచర్" అంది. ఒక్కరోజు తప్పితే ఏడాదంతా తలుపు మూసుకుపోయే బహుమతి, ఎవరికి అవసరమో వాళ్లకే అందదు. ఇప్పుడు తిరిగొచ్చిన రోజే చీటీ ఇస్తాం. పోయిన పాఠాల నోట్స్ పూర్తి చేస్తే ఇంకోటి, నోట్స్ ఇచ్చిన దోస్తుకూ ఒకటి. పిల్లల్ని చేనుకు పంపొద్దని అమ్మానాన్నలతో మాట్లాడే పని వేరు. దానికి చీటీలు చాలవు, ఇంటికి పోయి కూర్చోవాలి.

అపోహ: తప్పు చేస్తే ఇచ్చిన చీటీలు గుంజుకోవాలి.

వద్దు. నిన్న చేసిన మంచి ఇవాళ్టి తప్పుతో చెరిగిపోదు. ఒకసారి గుంజుకుంటే ఆ పిల్లలు మళ్లీ చీటీ కోసం చూడరు.

అపోహ: ఇట్లయితే క్రమశిక్షణ పోతుంది, భయం ఉండాలె.

కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం నిషిద్ధం. అందులో చర్చ లేదు. కానీ తప్పుకు ఫలితం ఉండదని కాదు. బెంచీ మీద పేరు చెక్కినవాడు గీరుడు కాగితం పట్టుకొని నున్నగా చేసి పోవాల్సిందే.

చీటీలతోనే అందరూ దారికి వస్తారనుకోవడం కూడా అపోహే. పైన చెప్పిన సానుకూల ప్రవర్తన పద్ధతి నడిపేవాళ్లు మామూలుగా వేసుకునే లెక్క, నూటికి సుమారు 80 మందికి ఈ ఏర్పాటు సరిపోతుంది, 15 మందికి మరికొంత చేయూత కావాలి, 5 మందికి విడిగా పట్టించుకునే మనిషి కావాలి. ఏడో తరగతిలో వెనక బెంచీ పిల్లవాడొకడు పక్కవాళ్ల నోట్‌బుక్ లాక్కుంటూ ఎప్పుడూ తిట్లు తినేవాడు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చి పరీక్షిస్తే తేలింది, వాడికి బోర్డు కనబడదు. కళ్లద్దాలు వచ్చాక లాక్కోవడం ఆగింది. అన్ని రోజులు మేం తిట్టింది వాడి చూపును.

అందుకే రిజిస్టర్‌లో ఎవరికి ఎన్ని వచ్చాయో కన్నా, ఎవరికి ఒక్కటీ రాలేదో ముందు చూస్తాం. అది ఆ పిల్లల లెక్క కాదు, మా కళ్ల లెక్క. పీఈటీ సారు ఎడమ జేబులో పది శనగ గింజలు వేసుకొని వస్తారు. ఒకరిని మెచ్చుకున్నప్పుడల్లా ఒక గింజ కుడి జేబులోకి మారుతుంది. మొదట్లో సాయంత్రానికి ఎడమ జేబులోనే ఏడెనిమిది మిగిలేవట.

ఈ వారం తొమ్మిదో తరగతిలో ముగ్గురి పేర్ల ముందు ఖాళీ ఉంది. సోమవారం పొద్దున గేటు దగ్గర డ్యూటీ నాదే.