ఊకదంపుడు, నత్తనడక, వెలవెల: వార్తల్లో విశేషణాలపై అపోహలు - వాస్తవాలు

పత్రిక డెస్క్‌లో కూర్చుని విలేకరులు రాసి పంపిన వార్తల కాపీ దిద్దడం నా పని. గొడవ జరిగిన వార్తతో పెద్దగా ఇబ్బంది ఉండదు, జరిగింది జరిగినట్టు రాసి పంపిస్తారు. ఏమీ జరగని వార్తతోనే చిక్కు. సభ చప్పగా సాగిన రోజే కాపీలోకి రంగురంగుల మాటలు వచ్చి పడతాయి.

అపోహ: విసుగు పుట్టించిన సభ గురించి రాయాలంటే విశేషణం ఘాటుగా ఉండాలి.

వాస్తవం: ‘ఊకదంపుడు’ ఒకప్పుడు ఘాటైన మాటే. వడ్లు దంచితే బియ్యం వస్తాయి. ఊక దంచితే చేతుల నొప్పులు తప్ప ఏమీ రావు. సారం లేని ఉపన్యాసానికి ఇంతకంటే మంచి పోలిక నాకు తెలీదు. కానీ ఇప్పుడు ఆ మాట చదివినవాళ్లకు రోకలీ కనపడదు, ఊకా కనపడదు. ‘బోసిపోయిన వేదిక’ అన్నప్పుడు పళ్లు లేని నోరు ఎవరికి గుర్తొస్తుంది? వాడీ వాడీ ఆ మాటలనే ఊక చేశాం.

దానికి బదులు ఏం రాయాలి? 2020 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగం దాదాపు 2 గంటల 40 నిమిషాలు సాగింది. ఒంట్లో బాగోలేక చివరి రెండు పేజీలు చదవకుండానే ముగించారు. ఈ రెండు వాక్యాల పక్కన ‘సుదీర్ఘ’ అని చేర్చినా దండగే. విన్నవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో పాఠకుడే ఊహించుకుంటాడు.

అపోహ: ‘వెలవెలబోయింది’ అంటే కళ్లతో చూసింది రాయడమే.

వాస్తవం: సగమే నిజం. ఎన్ని కుర్చీలు వేశారు, ఎంతమంది వచ్చారు, విలేకరి చూసింది ఏ సమయంలో? ఈ మూడూ లేకపోతే అది తీర్పు అవుతుంది కానీ వార్త కాదు. లోక్‌సభ కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, మొత్తం సభ్యుల్లో పదో వంతు, అంటే 543 సీట్లకు 55 మంది. 60 మంది ఉంటే ఫొటోలో సభ వెలవెలబోతూనే కనిపిస్తుంది, నిబంధన ప్రకారం మాత్రం సభకు ఏ లోటూ లేదు. సంఖ్య రాస్తే పాఠకుడికి రెండూ తెలుస్తాయి.

‘మందకొడిగా పోలింగ్’ కూడా ఈ కోవలోదే. పొద్దున తొమ్మిది గంటల శాతం చూసి రాసేస్తారు. పోయినసారి అదే సమయానికి ఎంత నమోదైందని అడిగితే ఫోన్లో అవతలి నుంచి మౌనం. సాయంత్రానికి క్యూలు పెరిగితే హెడ్డింగ్ మార్చే టెన్షన్ మాది.

అపోహ: పనులు ఆలస్యమైతే ‘నత్తనడక’ అనొచ్చు.

వాస్తవం: నత్త కనీసం కదులుతుంది. బిల్లులు రాక కాంట్రాక్టర్ ఎప్పుడో యంత్రాలు తీసుకెళ్లిపోయిన చోట కూడా నత్తనే నడిపిస్తున్నాం. ‘ఆగిపోయాయి’ అంటే సరిపోతుంది.

అపోహ: మర్యాద మాటలతో ఏ గొడవా లేదు.

వాస్తవం: నేతల పరిచయ వ్యాసాల్లో ‘వివాదరహితుడు’, ‘మృదుస్వభావి’ పక్కపక్కనే కనపడితే నాకు అనుమానమే. నిజంగా మంచివాళ్లూ ఉంటారు, కాదనను. కానీ చాలాసార్లు ఆయన గురించి రాయడానికి ఏమీ దొరకలేదన్నమాట. అలాంటప్పుడు నేను ఒకటే అడుగుతాను: సభలో ఎన్ని ప్రశ్నలు వేశారు? జవాబు సున్నా అయితే ఆ సున్నానే వేద్దాం.

అపోహ: చప్పదనం సంఘటనలోనే ఉంటుంది, మనం ఉన్నది ఉన్నట్టు చెబుతాం అంతే.

వాస్తవం: ఇదే అన్నిటికంటే మొండి అపోహ. ఎక్కువసార్లు ఆ విసుగు విలేకరిది. మూడో వరుసలో కూర్చున్న రైతుకు, నీటి విడుదల తేదీ గురించి అధికారి గొణిగిన ఒక్క వాక్యమే ఆ రోజుకు పెద్ద వార్త. మన కాపీలో అది ‘మొక్కుబడిగా సాగిన సమావేశం’ కింద ఆరో పేరాలో ఉంటుంది, స్థలం చాలకపోతే అదీ పోతుంది.

1930 ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే. ఆ సాయంత్రం బీబీసీ రేడియో బులెటిన్‌లో వార్తలేమీ లేవని ఒక్క ముక్కలో చెప్పి, మిగిలిన సమయమంతా పియానో సంగీతం వినిపించారు. నిజాయితీ మెచ్చుకోవాల్సిందే, ఒక్క విశేషణం కూడా వాడలేదు. అదే రాత్రి, లండన్‌లో ఆ బులెటిన్ మొదలవడానికి కొన్ని గంటల ముందే, విప్లవకారుడు సూర్యసేన్ బృందం చిట్టగాంగ్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) బ్రిటిష్ ఆయుధాగారంపై దాడి చేసింది. టెలిఫోన్, టెలిగ్రాఫ్ వ్యవస్థను కూడా ధ్వంసం చేసింది.