గుండె ఆపరేషన్ తర్వాతి నొప్పికి కళ్లజోడు వైద్యం

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట అమలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకున్న కుటుంబాలు కార్డు పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాయి. ఖర్చు బాధ కొంత తీరింది. ఒంటి బాధకు మాత్రం ఇప్పటికీ 'ఓర్చుకో' అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ బాధను కాసేపు మరిపించే కళ్లజోడు ఒకటి ఉంది: కళ్లకు పెట్టుకుంటే మనం మరో లోకంలో ఉన్నట్టే చూపిస్తుంది, దాన్నే వర్చువల్ రియాలిటీ అంటారు.

బైపాస్‌కైనా, వాల్వు మార్చడానికైనా సాధారణంగా రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోసి, చివర్లో స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలైనా పడుతుంది. మా నాయినకు బైపాస్ అయినప్పుడు నల్లగొండ నుంచి వెళ్లిన మేమంతా ఐసీయూ బయటే ఉండిపోయాం. లోపల ఆయనకు మిషన్ల చప్పుళ్లు, తెలియని మొహాలు, పగలో రాత్రో తేలని లైట్లు. దగ్గమంటే దిండును ఎదకు అదుముకుని కళ్లు మూసుకునేవాడు. ఊపిరి ఎక్సర్‌సైజుకు ఇచ్చిన పరికరంలో, గట్టిగా పీలిస్తే పైకి లేవాల్సిన మూడు బంతుల్లో ఒక్కటీ లేచేది కాదు. నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుంటుంది, కఫం చేరుతుంది, నిమోనియా రావచ్చు. నొప్పి, టెన్షన్ తగ్గితేనే మనిషి కోలుకునేది.

పంటినొప్పి రాత్రిపూట ఎక్కువవుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పగలు పనిలో పడి మరిచిన నొప్పి పక్క మీదికి చేరగానే తిరగబెడుతుంది. ఈ అనుభవానికి 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో నొప్పికి గేటు లాంటిది ఉంటుందని, మెదడు కూడా దాన్ని తెరవగలదని, మూయగలదని చెప్పారు. తర్వాత ఆ సిద్ధాంతంలో మార్పులు వచ్చినా, మనసు ఎక్కడుందన్నదాన్ని బట్టి నొప్పి మారుతుందన్న మాట నిలిచింది.

1996లో అమెరికాలోని సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే పరిశోధకులు కాలిన గాయాల రోగులకు వర్చువల్ రియాలిటీ వాడి చూశారు. మార్ఫిన్ ఇచ్చినా కట్టు మార్చేటప్పుడు ప్రాణం పోయినంత పని అవుతుంది వాళ్లకు. ఆ రోగుల కోసమే తయారైన 'స్నోవరల్డ్' అనే వర్చువల్ ఆటలో మంచు లోయలో తేలుతూ మంచుముద్దలు విసరాలి. కాలిన ఒంటికి మంచు చూపించాలని తట్టిన మనసుకు దండం పెట్టాలి. 2004లో వాలంటీర్లకు వేడితో నొప్పి కలిగించి స్కాన్ తీస్తే, మెదడులో నొప్పికి స్పందించే భాగాల చురుకుదనం తగ్గినట్టు తేలింది.

2012 తర్వాత ఈ కళ్లజోళ్లు, అంటే హెడ్‌సెట్లు చవకయ్యాయి. 2014లో మెక్సికో వైద్యులు గుండె ఆపరేషన్ అయిన 67 మందికి మొదటి రోజే ఇది పెట్టి చూపిస్తే, 59 మంది నొప్పి తగ్గిందన్నారు. చిన్న అధ్యయనం అది. తర్వాత వచ్చిన ఫలితాలన్నీ ఒకేలా లేవు. కొందరికి కళ్లు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. నొప్పి మందులు మానడానికి ఇది సాకు కాకూడదు. అయినా పావుగంట ఉపశమనం కూడా ఆ మంచం మీదున్న మనిషికి చిన్నదేం కాదు.

మన దగ్గర పెడితే అందులో ఏం చూపిస్తారన్నదే నా పట్టింపు. దేవరకొండ రైతుకు విదేశీ సముద్రం, ఇంగ్లీషు గొంతు ఏం ఊరటనిస్తాయి? పిల్లలమర్రి నీడ చూపించాలి, సోమశిల దగ్గర కృష్ణమ్మను చూపించాలి, సాగర్ గేట్లెత్తిన రోజును చూపించాలి. మూడో రోజు నన్ను లోపలికి పంపినప్పుడు నాయిన గొంతు పెగుల్చుకుని అడిగింది ఒక్కటే: "ఊళ్లె వాన పడ్డదా?"