ప్లగిన్ల తగాదా: ముడి పడింది 2023లో

క్యూజీఐఎస్ పటాల సాఫ్ట్‌వేర్ తన కిటికీలు, బటన్లు గీసే క్యూటీ లైబ్రరీలో ఆరో వర్షన్‌కు మారుతుండటంతో ప్లగిన్ల తగాదా మళ్ళీ రాజుకుంది. ప్లగిన్లంటే దానికి తగిలించుకునే అదనపు పనిముట్లు; తగాదా వాటిని రాసేవారికీ, సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా కట్టేవారికీ మధ్య. నిన్నటిదాకా నడిచిన పనిముట్టు ఇవాళ తెరుచుకోకపోతే తప్పు క్యూటీ మీదకు నెట్టడం తేలిక. 2018లో క్యూజీఐఎస్ మూడో వర్షన్ పైథాన్ 2ను, క్యూటీ 4ను వదిలేసినప్పుడూ ఇదే గొడవ. కోడు తిరగరాస్తే అది తీరింది. తిరగరాసినా తీరనిది తర్వాత వచ్చింది.

2023 జూన్‌లో లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ 12 విడుదలైంది. పెప్ 668 అనే పైథాన్ ప్రమాణం ప్రకారం, సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో (లైబ్రరీలు దించే పైథాన్ పనిముట్టు) నేరుగా ఏదీ దించకుండా అడ్డుకట్ట వేసింది. డెబియన్‌లో క్యూజీఐఎస్ నడిచేది ఆ పైథాన్ మీదే. అప్పటిదాకా ఎన్నో ప్లగిన్లు కావలసిన లైబ్రరీలను పిప్‌తోనే తెచ్చుకునేవి.

ప్లగిన్ రాసేవారి వాదన చిన్నది. అధికారిక ప్లగిన్ల భాండారం ముందే కంపైల్ చేసిన బైనరీలను ఒప్పుకోదు. ప్లగిన్ వివరాలుండే మెటాడేటా ఫైలులో, తనకు కావలసిన ఇతర ప్లగిన్ల పేర్లు రాయవచ్చు గాని పైథాన్ లైబ్రరీలకు చోటు లేదు. మరి ఎక్కడ నుంచి తేవాలి?

ప్యాకేజీలు కట్టేవారి బాధ అంత తేలికగా తెమలదు. సీ++ ప్రోగ్రాముకూ పైథాన్‌కూ మధ్య దుబాసీ పని చేసే బైండింగులను, సరిగ్గా ఆ మెషీన్‌లో ఉన్న క్యూటీకి, పటాల ఫైళ్ళు చదివే జీడాల్ లైబ్రరీకి జతగా కంపైల్ చేస్తారు. ఒక్క ముక్క మారినా జత చెడుతుంది. 2024 జూన్‌లో పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై 2.0 రాగానే అది రుజువైంది: 1.ఎక్స్‌తో కంపైలైన మాడ్యూళ్ళు దానితో నడవలేదు. ఏదో ప్లగిన్ ఏదో లైబ్రరీని పిలుస్తుంది, అది కొత్త నంపైని వెంటబెట్టుకొస్తుంది, జీడాల్ మొరాయిస్తుంది. రాస్టెరియో అనే లైబ్రరీ వీల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) అయితే సొంత జీడాల్‌నే మోసుకొస్తుంది. ఫిర్యాదు మాత్రం ప్యాకేజీ కట్టినవారి గుమ్మానికే. అడ్డుకట్టను దాటే ఆప్షన్‌కు ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అని పేరు పెట్టినా, దాన్నే మందుగా చెప్పే సలహాలకు కొదవ లేదు!

క్యూటీ 6 మీద నడిచే క్యూజీఐఎస్ నాలుగో వర్షన్‌ను 2025 అక్టోబరు నుంచి 2026 ఫిబ్రవరికి జరిపింది ప్లగిన్లు సర్దుకోవడానికే. క్యూటీని నేరుగా కాక క్యూజీఐఎస్ ఇచ్చే పొర ద్వారా పిలిచిన కోడుకు పని తక్కువ. క్యూపిప్ అనే ప్లగిన్ లైబ్రరీలను వాడుకరి ప్రొఫైల్ ఫోల్డరులోకి దించి సిస్టమ్ జోలికి పోకుండా చూస్తుంది. అయితే చివరికి సిస్టమ్‌ది, ప్రొఫైల్‌ది రెండు నంపైలూ తలపడేది ఒకే ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న క్యూజీఐఎస్‌లోనే.