జల్లెడ మీద మిగిలినోళ్లు

మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "అన్నయ్యా, స్కూల్లో ఏదో ఫారం ఇచ్చి నింపమన్నారు, మావాడికి 18 వచ్చాయంట, కౌన్సెలర్ని కలవమంటున్నారు, వీడికేమైనా మెంటలా?" వాడికి తొమ్మిదేళ్లు. లెక్కలు చెయ్యమంటే పెన్సిల్ విసిరేస్తాడు, ఓడిపోతే క్యారమ్ బోర్డు ఎత్తి పడేస్తాడు.

ఫారం ఫోటో పెట్టమన్నా. ఎస్‌డీక్యూ అది, పిల్లల ప్రవర్తనలో, భావోద్వేగాల్లో ఇబ్బందులున్నాయేమో చూడ్డానికి 1997లో రాబర్ట్ గుడ్‌మన్ అనే ఇంగ్లండ్ సైకియాట్రిస్టు పెట్టిన 25 వాక్యాల కాగితం. ఒక్కోదానికి 0, 1, 2. మంచి గుణాల వాక్యాలు ఐదు పక్కనపెట్టి మిగతా 20 కూడితే మొత్తం 40కి. అమ్మానాన్నలు నింపిందైతే 17 నుంచి పైకి 'ఎక్కువ' కింద లెక్క. మార్కులు తక్కువొస్తే మనవాళ్లు సంతోషపడాల్సిన పరీక్ష ఇదొక్కటేనేమో.

ఇలాంటి ఫారంతో చేసేది స్క్రీనింగ్, అంటే జల్లెడ పట్టడం, అంతే. వందమంది పిల్లల్లో పదిమందికి కోపాన్నో భయాన్నో అదుపు చేసుకోలేని ఇబ్బంది నిజంగానే ఉందనుకోండి, మన జల్లెడ ఆ పదిలో 8 మందిని ఆపుతుంది, బాగున్నవాళ్లలో నూటికి 80 మందిని కిందకి వదిలేస్తుంది అనుకుందాం. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ బాగున్న 90 మందిలో 72 మందే కింద పడతారు, 18 మంది పైనే ఆగుతారు. అంటే జల్లెడ మీద 26 మంది, అందులో అసలు ఇబ్బంది ఉన్నోళ్లు 8 మందే! ఇదే జల్లెడ ఆస్పత్రిలో సైకియాట్రిస్టు గది బయట కూర్చున్న వందమందికి పట్టండి, వాళ్లలో సగంమందికి ఇబ్బంది ఉందనుకుంటే పైన 50 మంది ఆగుతారు, 40 మంది నిజమైనవాళ్లే. కన్నాలు మారలేదు, పిండి మారింది.

పోనీ కన్నాలు పెద్దవి చేద్దామా, అంటే 17 బదులు 20 పెడదామా? ఊరికే ఆగేవాళ్లు తగ్గుతారు, కాకపోతే నిజంగా ఇబ్బంది ఉన్నోడు కూడా జారిపోతాడు. అందుకే రెండో జల్లెడ, టీచర్ ఫారం. ఆ 26 మందినీ ఇంకోసారి అలాగే పడితే 8లో ఆరుగురు, 18లో నలుగురు మిగులుతారు, లెక్క చాలా శుభ్రపడింది. కానీ రెండు జల్లెడలూ ఒకేలాంటివి కావు. 1987లో ఆకెన్‌బాక్ అనే అమెరికా సైకాలజిస్టు బృందం 119 పరిశోధనలు కలిపి చూస్తే, పేరెంటు, టీచరులాగా పిల్లాణ్ణి వేర్వేరు చోట్ల చూసేవాళ్ల మాటలకి పొత్తు సగటున 0.28 (1 అంటే ఇద్దరిదీ ఒకటే మాట). ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, క్లాసులో బిగపట్టుకుని కూర్చున్నోడు ఇంటికొచ్చి పేలతాడు.

నాకు బాధనిపించేది మాత్రం జారిపోయేవాళ్ల గురించే. అరిచేవాడు అందరికీ కనబడతాడు, లోపల నలిగేది కనబడదు. ఎస్‌డీక్యూలో తలనొప్పి, కడుపునొప్పి గురించి ఒక వాక్యం ఉంటుంది, అది భావోద్వేగాల గుంపులోది. సోమవారం పొద్దున్న కడుపునొప్పి అంటే మనింట్లో నానమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తుంది, పదింటికల్లా తగ్గిపోతుంది, స్కూల్ బస్ ఎనిమిదిన్నరకే వెళ్లిపోయింది కాబట్టి. పేరు మాత్రం మిరపకాయలకి.

జల్లెడ పట్టాక పైన మిగిలినవాళ్లని చూసేవాళ్లు లేకపోతే పట్టడమే దండగ, ఈ మాట విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు 1968లోనే డబ్ల్యూహెచ్ఓ కోసం రాశారు. మనకి స్కూళ్లలో కౌన్సెలర్లే కరువు. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం.

చెల్లెల్ని అడిగా, ఫారం ఎప్పుడు నింపావని. క్యారమ్ బోర్డు మూల విరిగిన రాత్రే. పైన 'గత ఆరు నెలల్లో' అని రాసుంది, చూసుకోలేదంట. బావగారిని విడిగా నింపమన్నాం, ఆయన లెక్కలో 11 వచ్చాయి. రెండు కాగితాలూ పట్టుకుని గురువారం వెళ్తున్నారు.