అంతా దేవుని చిత్తమేనా? నల్లగొండ, పాలమూరు సంఘాల్లో ఒక పాత ప్రశ్న వెనుక కథ

మా పెద్దనాయన చర్చిలో చాప మీద కూర్చోలేడు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు ఊరు మాది. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన ఒళ్లు. నడుము వంగిపోయింది, మెడ తిరగదు. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. అందరూ మోకరించి ప్రార్థన చేస్తుంటే ఆయన తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో అట్లాగే ఉంటాడు. ఒక ఆదివారం ప్రసంగంలో "మనకు జరిగేదంతా దేవుని చిత్తమే" అనే మాట వచ్చింది. ఇంటికి వచ్చినంక పెద్దనాయన నన్ను అడిగిండు: "మరి నా నడుము గూడ ఆయన చిత్తమేనా బిడ్డా?"

అప్పుడు నా నోట మాట రాలేదు. ఆ ప్రశ్న ఎంత పాతదో, దాని కోసం ఎవరెవరు ఏమేం పోగొట్టుకున్నారో తర్వాత చదువుతూ పోతే తెలిసింది.

బైబిల్లోనే రెండు మాటలూ ఉన్నాయి. "సమాధానకర్తను కీడును కలుగజేయువాడను నేనే" అని యెషయా గ్రంథంలో దేవుడు అంటాడు. ద్వితీయోపదేశకాండంలోనేమో జీవాన్నీ మరణాన్నీ మీ ఎదుట పెట్టాను, జీవాన్ని కోరుకోండి అని మోషే చేత చెప్పిస్తాడు. కోరుకోమన్నాడంటే కోరుకునే శక్తి మనిషికి ఉన్నట్టే కదా. అన్నీ దేవుని చేతిలో ఉంటే పాపానికి మనిషిని ఎట్లా తప్పుపడతాం? మనిషికి స్వేచ్ఛ ఉంటే దేవుడు సర్వాధికారి ఎట్లా అవుతాడు? ఈ ముడి విప్పడానికే క్రైస్తవ పండితులు రెండు వేల ఏళ్లుగా తంటాలు పడుతున్నారు.

అందరికంటే ఎక్కువ నలిగినవాడు అగస్టీన్ అనే తొలినాటి పండితుడు. ఉత్తర ఆఫ్రికాలో క్రీ.శ. 354లో పుట్టాడు. యవ్వనంలో సుమారు తొమ్మిదేళ్లు మానీ మతస్థులతో తిరిగాడు. మంచికొక శక్తి, చెడుకొక శక్తి ఉన్నాయనీ, రెండూ పోట్లాడుకుంటున్నాయనీ వాళ్లు చెప్పేవారు. అది వదిలేశాక ఆయన వేరే జవాబు కనుక్కున్నాడు: చెడు అనేది దేవుడు చేసిన వస్తువు కాదు, మంచి లేకపోవడమే చెడు, వెలుగు లేని చోటు చీకటైనట్టు. అది మనిషి ఇష్టం పక్కదారి పట్టడం వల్ల లోకంలోకి వచ్చింది. అయితే మనిషి తన ప్రయత్నంతోనే మంచివాడు కాగలడని పెలేగియస్ అనే బోధకుడు చెప్పినప్పుడు అదే అగస్టీన్ ఎదురు తిరిగాడు. దేవుని కృప ముందుగా రాకపోతే మనిషి మంచిని కోరుకోను కూడా లేడన్నాడు. 418లో కార్తేజ్ నగరంలో కూడిన బిషప్పుల సభ పెలేగియస్ బోధను ఖండించింది. స్వేచ్ఛ వైపు, కృప వైపు వాదించేవాళ్లు ఇద్దరూ అగస్టీన్‌నే సాక్షిగా పిలవడం అప్పటి నుంచే మొదలైంది.

వెయ్యేళ్ల తర్వాత యూరప్‌లో ఇదే మళ్లీ రగిలింది. 1524లో ఎరాస్మస్ అనే పండితుడు మనిషికి స్వేచ్ఛ ఉందని రాస్తే, 1525లో ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ మనిషి చిత్తం పాపానికి బానిస అని గట్టిగా బదులిచ్చాడు. ఎక్కువమంది ఈ ఇద్దరి దగ్గరే ఆగిపోతారు. మన జిల్లాల సంఘాలకు దగ్గరి మనిషి మాత్రం మూడోవాడు, బల్తజార్ హుబ్‌మయర్. పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదు, తెలిసి నమ్మినవాళ్లకే ఇవ్వాలి అన్న అనాబాప్టిస్టుల్లో ఒకడు. 1527లో స్వేచ్ఛాచిత్తం మీద రెండు చిన్న పుస్తకాలు రాశాడు. ఆయన బాధ సిద్ధాంతం గురించి మాత్రమే కాదు. మనవల్ల ఏమీ కాదు, అంతా దేవుడే చేయిస్తాడు అనే సగం నిజాన్ని జనం దుప్పటిలా కప్పుకొని, దాని కింద చేయాల్సిన చెడంతా చేస్తున్నారని ఆయన ఫిర్యాదు. 1528 మార్చి 10న వియన్నాలో ఆయన్ని సజీవంగా కాల్చేశారు. మూడు రోజులకు ఆయన భార్యను డాన్యూబ్ నదిలో ముంచి చంపారు.

ఆ అనాబాప్టిస్టుల కొమ్మల్లో ఒకటి మెనోనైట్లు. హింసకు తట్టుకోలేక దేశాలు మారుతూ చివరికి రష్యా సామ్రాజ్యంలో పొలాలు చేసుకుని స్థిరపడ్డారు. వాళ్లలోంచి 1860లో మెనోనైట్ బ్రదరెన్ సంఘం పుట్టింది. అదే మన నోట్లో ఎంబీ చర్చి. ఆ సంఘం నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో ఇండియాకు వచ్చి, 1890లో నల్లగొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున పని మొదలుపెట్టారు. 1899లో అమెరికా నుంచి ఎంబీ వాళ్లు విడిగా వచ్చి హైదరాబాద్ సంస్థానంలో దక్షిణంగా విస్తరించారు. అప్పటిదాకా బాప్టిస్టుల చేతిలో ఉన్న మహబూబ్‌నగర్ (మన పాలమూరు) మిషన్ 1937లో వాళ్లకు వచ్చింది.

ఈ మిషనరీలు లూథర్ కాలం తర్వాతి సంస్కర్త కాల్విన్ గురించో, హుబ్‌మయర్ గురించో ఊళ్లలో పాఠాలు చెప్పి ఉండరు. ఆ అవసరమూ లేకపోయింది. సిద్ధాంతమంతా బాప్తిస్మంలోనే ఉంది. నా బాప్తిస్మం మా ఊరి చెరువులో జరిగింది. నడుం లోతు నీళ్లలో నిలబెట్టి పాస్టర్‌గారు మొదట అడిగింది ఒకటే: "ఎవరి బలవంతం లేకుండా, నీ ఇష్టంతోనే వస్తున్నావా?" అవునన్న తర్వాతే ముంచారు. ఆ "అవును" అనే మాట కోసమే ఒకప్పుడు మనుషుల్ని కాల్చి, ముంచి చంపారని ఆ రోజు నాకు తెలియదు. దళితవాడల్లో మా తాతముత్తాతలకు తలరాత, పూర్వజన్మ కర్మ అనే మాటలు మాత్రమే వినబడిన కాలంలో, నీ ఇష్టమేమిటని ఎవరో వచ్చి అడగడం ఎంత పెద్ద సంగతో ఇప్పుడు అర్థమవుతోంది.

అయినా ఊరి ప్రశ్నలు పుస్తకాల ప్రశ్నల కంటే గడుసువి. 1932లో షంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టి, పాలమూరు ప్రాంతం మీద పరిశోధన చేసిన పాల్ హీబర్ట్ ఒక సంఘటన రాశాడు. ఒక ఊళ్లో మశూచి వచ్చింది. మైసమ్మకు కోపం వచ్చిందనీ, దున్నపోతును బలివ్వాలనీ పెద్దలు ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు ఇవ్వలేదు. బావి నీళ్లు బంద్, దుకాణంలో సరుకులు బంద్. చివరికి ఒక పెద్దమనిషి ఒక్క పైసా ఇవ్వండి చాలు, గొడవ పోతుందన్నాడు. ఇవ్వలేదు. తర్వాత క్రైస్తవుల బిడ్డకే మశూచి సోకింది. హీబర్ట్‌తో సహా అందరూ ప్రార్థన చేశారు. బిడ్డ చనిపోయింది. హీబర్ట్ తను ఓడిపోయాననుకున్నాడు. కానీ ఆ ఊరి సంఘపెద్ద వచ్చి, సమాధి దగ్గర మేం పునరుత్థాన నిరీక్షణతో, అంటే చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారనే ఆశతో, నిలబడటం చూసి ఊరివాళ్లు మన మార్గం గురించి అడుగుతున్నారని చెప్పాడు. గమనించండి, బిడ్డ ఎందుకు చనిపోయిందో ఆయన వివరించలేదు. దేవుని చిత్తం అని కొట్టిపారెయ్యనూ లేదు.

పెద్దనాయన నడుము దగ్గరికి వస్తాను. మన నల్లరాతి నేలలో ఫ్లోరైడ్ ఉండటం ఎవరి పాపమూ కాదు. చెడంతా మనిషి ఇష్టం వల్లే వచ్చిందనే స్వేచ్ఛాచిత్తం వాదం ఇక్కడ చేతులెత్తేస్తుంది, దాన్ని ఒప్పుకోవాలి. కానీ 1955లోనే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగే ఈ నల్లగొండ ఫ్లోరోసిస్ జబ్బు మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 10న ఇదే జిల్లాలో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. నీళ్లలోంచి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అన్నారు. కృష్ణ పక్కనే పారుతుంటే మా మెట్ట ఊళ్లు దశాబ్దాల పాటు బోరు నీళ్లే తాగాయి. రాతిలో ఫ్లోరైడ్ ఎందుకుందో దేవుణ్ని అడగొచ్చు. తెలిసి తెలిసి అన్నేళ్లు తాగించింది మాత్రం మనుషులే. దాన్ని తీసుకెళ్లి దేవుని చిత్తం ఖాతాలో వెయ్యడానికి దేవుని సార్వభౌమాధికారాన్ని అంతగా బోధించిన కాల్విన్ కూడా ఒప్పుకోడు. ప్రమాదం నుంచి తప్పుకునే ఉపాయాలు దేవుడే ఇచ్చాడు, వాటిని వాడకపోతే తప్పు మనదే అని ఆయన స్పష్టంగా రాశాడు.

ఇప్పుడు మా ఇంటి నల్లాలో మిషన్ భగీరథ పథకం నీళ్లు వస్తున్నాయి. పిల్లలు అవే తాగుతున్నారు. పెద్దనాయన ఎముకలు మాత్రం వెనక్కి రావు.

మొన్న ఆయనకు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చదివి వినిపించాను. పుట్టుగుడ్డివాణ్ని చూపించి, ఎవరి పాపం వల్ల వీడిట్లా పుట్టాడని శిష్యులు అడుగుతారు. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అంటాడు ప్రభువు. ఉమ్మితో బురద చేసి కళ్లకు పూసి, సిలోయము కోనేటికి పోయి కడుక్కోమంటాడు. అక్కడిదాకా కళ్లు మూసుకుని విన్న పెద్దనాయన, "ఆయనకు మంచి నీళ్లు దొరికినయి" అన్నాడు. తర్వాత మళ్లీ మొదటి నుంచి చదవమన్నాడు.